ఒక నిమిషం నలభై ఏడు సెకన్లు

మంగళవారం ఉదయం పది గంటల ముప్పై ఒక నిమిషానికి టేపు కదిలింది. తొమ్మిది నిమిషాల ఇరవై సెకన్ల దగ్గర సౌండు తగ్గించుకుంటూ వచ్చి సున్నా చేయాలని ఎదురుగా గోడకు అంటించిన కాగితంలో రాసి ఉంది. తొమ్మిది నిమిషాల ఇరవై సెకన్లు వచ్చాయి. ఆమె నాబ్ ముట్టుకోలేదు.

గదిలో నలుగురున్నారు. ఆమె రికార్డులు కోసే మనిషి. వయసు నలభై ఒకటి. గోడ పక్కన స్టూలు మీద ఆమె మేనమామ కూర్చున్నాడు. వర్క్‌షాపు ఆయనది, ఆమెకు పని నేర్పింది కూడా ఆయనే. తలుపు దగ్గర నిలబడ్డవాడు కంపెనీ యజమాని. పాత జాజ్ రికార్డులను మళ్లీ అచ్చు వేయించి, వాటి కోసం వెతుక్కునే వాళ్లకు అమ్ముతాడు. నాలుగో మనిషికి ఎనభై ఒకటి. టేపులో డ్రమ్స్ వాయిస్తున్నది ఆయనే. ఆ రోజు కలిసి వాయించిన నలుగురిలో ఇప్పుడు బతికున్నది ఆయనొక్కడు.

రికార్డు కోయడమంటే ఇది. అల్యూమినియం పళ్లెం మీద లక్కలాంటి పూత ఉంటుంది. దాన్ని లేత్ మీద తిప్పుతారు. వేడి చేసిన నీలమణి సూది టేపులోంచి వచ్చే శబ్దానికి కదులుతూ ఆ పూతలో గాడి కోస్తుంది. ఆ పళ్లేన్ని ఫ్యాక్టరీకి పంపితే దాని మీద లోహపు పూత పెంచి అచ్చు తీస్తారు. ఆ అచ్చుతో రికార్డులు నొక్కుతారు. కోసిన గాడిని మళ్లీ పూడ్చడం కుదరదు.

లేత్ తిరుగుతుండగా ఆ గదిలో ఎవరూ మాట్లాడకూడదు. ముప్పై ఆరేళ్ల కింద మేనమామ పెట్టిన రూలు అది. అందుకని యజమాని అరవలేదు. గోడ మీది కాగితం దగ్గరికి వెళ్లి తొమ్మిది, ఇరవై అన్న అంకెల కింద వేలు పెట్టాడు. ఆమె చూసి తల ఊపింది. నాబ్ మాత్రం తిప్పలేదు. ఆయన అరచేతిని కిందికి దించి చూపించాడు. ఆమె మైక్రోస్కోపులోకి వంగింది. ఆయన మేనమామ వైపు తిరిగి రెండు చేతులూ చాపాడు. మేనమామ నేల చూశాడు.

స్పీకర్లో సాక్సోఫోన్ ఆగింది. బేస్ ఆగింది. పియానో ఆగింది. డ్రమ్ముల మీద తీగ బ్రష్షులు తిరిగే చప్పుడు మిగిలింది.

డ్రమ్మర్ కుడి చెయ్యి మోకాలి మీద కదలడం మొదలైంది.

బ్రష్షుల చప్పుడు ఒక నిమిషం నలభై ఏడు సెకన్లు సాగింది. చివర్లో కర్రతో ఒక్క దెబ్బ పడింది. ఆ దెబ్బ మీదే సాక్సోఫోన్ లోపలికి వచ్చింది. ఇరవై ఏడు సెకన్ల తర్వాత పళ్లెం మీద చోటు అయిపోయి లేత్ తనంతట తానే సూదిని పైకెత్తింది.

ఇక మాట్లాడవచ్చు.

“ఏంటమ్మా ఇది?” అన్నాడు యజమాని.

“టేపులో ఉన్నది సార్.”

“నేను కాగితంలో ఉన్నది కోయమన్నాను.”

“కాగితం పాత రికార్డు చూసి రాశారు. పాత రికార్డులో ఇది లేదు.”

“చెప్పానా?” అన్నాడు డ్రమ్మర్. ఎవరితో అన్నాడో తెలియలేదు. “యాభై నాలుగేళ్లుగా చెప్తున్నాను, మధ్యలో నాది ఎగరగొట్టారని. ఒక్కడూ నమ్మలేదు. మా ఆవిడ పోయేదాకా నమ్మలేదు. ‘నీది ఉంటే కదా ఎగరగొట్టడానికి’ అనేది.”

యజమానికి వర్క్‌షాపులో ఒక పేరుంది, నలభై అయిదు. ఆయన ముందు ఎవరూ అనరు. మామూలు పెద్ద రికార్డు నిమిషానికి ముప్పై మూడు చుట్లు తిరుగుతుంది. ఆయన రికార్డులన్నీ నలభై అయిదు తిరుగుతాయి. వేగం పెరిగితే ఒక్కో సెకను శబ్దానికి ఎక్కువ గాడి దొరుకుతుంది, డ్రమ్ముల పక్కన మోగే కంచు తాళాలు, సింబల్స్, తేటగా వినిపిస్తాయి. ఇది కొలిస్తే తేలే విషయం. కాకపోతే ఒక పక్కకు పన్నెండు నిమిషాలు మించి పట్టదు. ఒక డిస్కులో ఇమిడే ఆల్బమ్‌కు రెండు డిస్కులు కావాలి. వినేవాడు పది నిమిషాలకోసారి లేచి రికార్డు తిప్పాలి.

ఈ ఆల్బమ్‌లో అయిదు పాటలున్నాయి. నాలుగు చిన్నవి. అయిదోది పొడుగు. మొదటిసారి విడుదల చేసినప్పుడు అప్పటి కంపెనీ దాన్ని రెండు ముక్కలు చేసి ఒకటి ఈ పక్కన, ఒకటి ఆ పక్కన వేసింది. మొదటి ముక్క తొమ్మిది నిమిషాల ఇరవై సెకన్లు. రెండోది ఎనిమిది నిమిషాల అయిదు సెకన్లు. యజమాని పాత రికార్డు పెట్టి, స్టాప్‌వాచ్ పట్టుకుని ఈ లెక్క రాసుకున్నాడు. దాన్ని బట్టి నాలుగు పక్కలూ పంచాడు. అట్టలు రెండు వేలు అచ్చు వేయించాడు. అన్నీ అయ్యాక టేపు తెప్పించాడు.

టేపు అయిదు రోజుల ముందు, గురువారం వచ్చింది. పెట్టె మీద తడి మరకలున్నాయి. లోపల రీలు బాగానే ఉంది. ఆమె దాన్ని యంత్రం మీద ఎక్కించి మొదటిసారి చివరిదాకా విన్నది. పాట పంతొమ్మిది నిమిషాల పన్నెండు సెకన్లు ఉంది. ఎక్కడా అతుకు లేదు. అప్పటి మనిషెవరో కోసేటప్పుడే చేత్తో సౌండు తగ్గించి, రెండో పక్కన టేపు కొంచెం ముందుకు జరిపి మళ్లీ పెంచాడు. మధ్యలో పోయింది ఎంతో ఆమె కాగితం మీద తీసివేసి చూసుకుంది.

ఆ సాయంత్రమే యజమానికి ఫోన్ చేసింది.

“పాత రికార్డు కొన్నవాళ్లే ఇదీ కొంటారమ్మా. వాళ్లకు ఆ పాట ఎక్కడ ఆగుతుందో నిద్రలో లేపినా చెప్తారు. అలాగే ఉండాలి” అన్నాడు ఆయన.

“అలా ఆగింది పాట కాదు సార్. చోటు చాలక ఆపారు.”

“అట్టలు అయిపోయాయి.”

ఫోన్ పెట్టాక మేనమామ అన్నాడు, “కాగితంలో ఉన్నట్టు కోసెయ్. ఈ ఏడాది మనకున్న పనిలో సగానికి పైగా ఆయనది. ఇది కాక ఇంకా అయిదు ఆల్బమ్‌లు ఉన్నాయి. ఆ సంగతి నీకు తెలీదా?”

“తెలుసు మామయ్యా.”

“మరి?”

“మరి ఏముంది, తెలుసు.”

మంగళవారం డ్రమ్మర్ రావడం ఆమె పిలిచినందుకు కాదు. ఆయన్ని తెచ్చింది యజమానే. ‘వాయించిన మనిషి విని ఒప్పుకున్న రికార్డు’ అని ప్రకటన వెళ్లిపోయింది. దానికి ఒక చీటీ ఉంది. చీటీలో రెండు గళ్లు: ఒప్పుకుంటున్నాను, ఒప్పుకోవడం లేదు. కింద సంతకానికి గీత. చీటీ డ్రమ్మర్ చొక్కా జేబులో ఉంది.

“సరే” అన్నాడు యజమాని. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. “పెద్దాయన ముచ్చట ఎందుకు కాదనాలి? ఆ నిమిషం నలభై ఏడూ మొదటి ముక్కకు కలుపుదాం. పదకొండు నిమిషాల ఏడు సెకన్లు అవుతుంది, నలభై అయిదులో పడుతుంది. ఆ కర్ర దెబ్బ దగ్గర ఆపుదాం. రెండో పక్క సాక్సోఫోన్‌తో మొదలవుతుంది. మీది మీకు వచ్చింది, నాది నాకు మిగిలింది. ఏమంటారు?”

మేనమామ తల పైకెత్తాడు. ఆయన ముఖం తేలికపడింది.

డ్రమ్మర్ కుర్చీ చెయ్యి మీద వేళ్లతో ఆ దెబ్బ కొట్టి చూపించాడు.

“ఇది వినగానే వాడు ఊదాడు. ముందు అనుకున్నది కాదు. నేను ఎప్పుడు కొడతానో వాడికి తెలీదు. ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు, నాకు ఎదురుగా, ఇదిగో ఇంత దూరంలో. దెబ్బ ఒక పక్కన పెట్టి ఊపిరి ఇంకో పక్కన పెడతావా? మధ్యలో జనం లేచి మంచినీళ్లు తాగొస్తారా?”

“రికార్డు తిప్పడానికి అరనిమిషం పడుతుందండీ, అంతే.”

“నా దగ్గర అరనిమిషం లేదు బాబూ, ఆ దెబ్బకీ వాడికీ మధ్య.”

యజమాని ఆమె వైపు చూశాడు. “ముప్పై మూడులో కోస్తే పంతొమ్మిది నిమిషాలు పడుతుంది. నాకూ తెలుసు. కానీ పాట చివర్లో సింబల్స్ ఉన్నాయి. రికార్డు లోపలికి వెళ్లేకొద్దీ చుట్టు చిన్నదవుతుంది, సూది నడవడానికి చోటు తగ్గుతుంది. సింబల్స్ గరగరలాడతాయి. నా దగ్గర కొనేవాళ్లు చెవి పెట్టేదే అక్కడ. నేను పదకొండేళ్లుగా నలభై అయిదు మీద బతుకుతున్నాను. ఒక పక్క మాత్రం ముప్పై మూడంటే నవ్వుతారు.”

“నవ్వనివ్వండి.”

“నిన్ను కాదమ్మా, నన్ను.”

“శుక్రవారం మధ్యాహ్నం దాకా టేపు మన దగ్గర ఉంటుంది” అన్నది ఆమె. “ముప్పై మూడులో కోసి పెడతాను. వచ్చి వినండి. రాకపోయినా కోస్తాను. రెండు ముక్కలుగా మాత్రం కోయను. నా మొదటి అక్షరం గీసే పళ్లెం మీద ఆ పని చేయను.”

రికార్డు లోపలి అంచున, పాట అయిపోయాక మిగిలే నున్నటి చోట, కోసిన మనిషి తన పేరులోని మొదటి అక్షరం సూదితో గీస్తారు. ఆ అక్షరం అచ్చులోకి దిగి ప్రతి రికార్డులోనూ వస్తుంది. మేనమామది అలా నాలుగు వందల ఆల్బమ్‌ల మీద ఉంది.

“అయితే ఇంకొకరు కోస్తారు” అన్నాడు యజమాని.

“కోయనీ” అన్నాడు డ్రమ్మర్. జేబులోంచి చీటీ తీసి, మడత విప్పి, మళ్లీ మడిచి అదే జేబులో పెట్టుకున్నాడు. “ఇది మాత్రం ఇక్కడే ఉంటుంది.”

యజమాని సంచీ తీసుకుని వెళ్లిపోయాడు.

బుధవారం ఆమె మూడు పళ్లేలు పాడుచేసింది. వాళ్ల టేపు యంత్రానికి రాబోయే శబ్దాన్ని ముందుగా పసిగట్టే భాగం లేదు. అందుకని ఆ వర్క్‌షాపు పద్ధతి వేరు. కోసే మనిషి టేపును పదమూడు సార్లు వినాలి. ఎక్కడ శబ్దం పెరుగుతుందో, ఎక్కడ తగ్గుతుందో గళ్ల కాగితం మీద గుర్తు పెట్టుకోవాలి. పెరిగే చోట గాడులు దూరం జరపాలి, లేకపోతే ఒకదాన్ని ఒకటి తెగ్గోస్తాయి. తగ్గే చోట దగ్గర చేసి చోటు మిగిల్చుకోవాలి. దూరం జరిపే నాబ్ ఎడమ చేత్తో, శబ్దం రావడానికి రెండు సెకన్ల ముందు తిప్పాలి. పంతొమ్మిది నిమిషాలు ఆ చెయ్యి నాబ్ మీదినుంచి తీయకూడదు.

మూడో పళ్లెం చివరిదాకా వచ్చింది. గాడి కేంద్రం నుంచి అరవై రెండు మిల్లీమీటర్ల దగ్గర ముగిసింది. ఆమె దాన్ని ముందుగదిలో రికార్డు ప్లేయర్ మీద పెట్టి వింది. చివరి నిమిషంలో సింబల్స్ గరగరలాడాయి.

ముందుగదిలో మేనమామ భార్య ఉంటుంది. వర్క్‌షాపు ఫోన్లు ఆవిడే చూస్తుంది, పార్సెళ్లు ఆవిడే కడుతుంది. రెండేళ్ల కింద మోకాలికి ఆపరేషన్ అయింది.

“ఎలా ఉంది అత్తయ్యా?”

“చివర్లో ఎవరో కాగితం నలుపుతున్నారు.”

“అదే నాకూ వినపడింది.”

“కానీ ఒకటి చెప్పనా? ఇంతసేపు కూర్చుని పాట విని ఎన్నాళ్లయిందో. ఆ నలభై అయిదువి పెడితే నాకు పాట గుర్తుండదు, మోకాలు గుర్తుంటుంది. కూర్చోగానే లేవడం, లేవగానే కూర్చోవడం. వినడమా అది, డాక్టరు చెప్పిన వ్యాయామమా?”

గురువారం ఉదయం మేనమామ లోపలికి వచ్చాడు. రెండు రోజులుగా ఆయన ఆమెతో పని గురించి మాట్లాడలేదు. ఆయన చెవులకు పై స్థాయి శబ్దాలు వినపడవని డాక్టరు ఆరేళ్ల కిందే రాసిచ్చాడు. సింబల్స్ ఆయనకు కనిపించేవే గాని వినిపించేవి కావు. పాడైన మూడో పళ్లేన్ని మైక్రోస్కోపు కింద పెట్టి, అంచు నుంచి లోపలికి, గాడి తర్వాత గాడి చూసుకుంటూ వెళ్లాడు. గంటకు పైగా పట్టింది.

“ఇక్కడేంటి ఇది?” అన్నాడు.

“బ్రష్షులు. ఆ నిమిషం నలభై ఏడు.”

“యాభై తొమ్మిది చుట్లు. గాడి గాడికీ మధ్య లారీ పట్టేంత చోటు వదిలావు. ఎందుకు?”

“కర్ర దెబ్బ ఎక్కడ పడుతుందోనని. ముందే తెరిచి ఉంచాను.”

“పదమూడు సార్లు విన్నదానివి, ఎక్కడ పడుతుందో తెలీదా?”

“తెలుసు. భయమేసింది.”

“భయమేస్తే ఇలాగే ఉంటుంది.” ఆయన కళ్లద్దాలు తుడుచుకున్నాడు. “ఆయనది గుసగుస. గుసగుసకు సగం చోటు చాలు. అక్కడ దగ్గరికి లాగు, దెబ్బకు సరిగ్గా రెండు సెకన్ల ముందు తెరువు. మొత్తం మీద సౌండు ఒకటిన్నర డెసిబెల్ దించు. చివర్లో ఎంత బయటికి వస్తావో చూడు.”

“మరి ఆ అయిదు ఆల్బమ్‌లు, మామయ్యా?”

“నాకు వినపడనిది రెండే, సింబల్స్, నీ ప్రశ్నలు. పళ్లెం ఎక్కించు.”

సాయంత్రం నాలుగున్నరకు కోసిన పళ్లెం డెబ్బై మిల్లీమీటర్ల దగ్గర ముగిసింది. ముందటిదానికన్నా ఎనిమిది మిల్లీమీటర్లు బయటికి. ఒకప్పుడు తీసేసిన ముక్కే చివరి నిమిషానికి కొంత చోటు ఇచ్చింది. మిగతాది సౌండు దించినందుకు వచ్చింది.

శుక్రవారం ఉదయం తొమ్మిదింటికి యజమాని వచ్చాడు. సంచీలో హెడ్‌ఫోన్స్, ఒక చిన్న తూకం యంత్రం ఉన్నాయి. తూకం యంత్రం ఎప్పుడూ తెచ్చుకుంటాడు. రికార్డు నూట ఎనభై గ్రాములు ఉందో లేదో కొనేవాళ్లు తూచి చూస్తారని ఆయన చెప్తాడు.

“అది వంటింట్లో పెట్టండి, పనికొస్తుంది” అన్నది అత్తయ్య. “పాటకు బరువేంటి?”

“ఇది కోసిన పళ్లెం సార్, దీన్ని తూచరు” అన్నది మేనకోడలు.

ముందుగదిలో అయిదు కుర్చీలు వేశారు. డ్రమ్మర్ తొమ్మిదీ పదికి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, అదే జేబు, అదే చీటీ.

ముందు నలభై అయిదులో కోసినవి పెట్టమన్నాడు యజమాని. మేనకోడలు కోయనన్న రెండు ముక్కల్నీ బుధవారమే ఇంకొక వర్క్‌షాపులో, టేపు కాపీ మీంచి కోయించి తెచ్చాడు. ఆమె వాటిని తీసుకుని పెట్టింది. మొదటి ముక్క మొదలైంది. సాక్సోఫోన్ గదిలోకి వచ్చి నిలబడింది. బాగుంది. ఆమె ఆ మాట పైకే అన్నది. “బాగుంది సార్. ఇది మాదానికన్నా తేటగా ఉంది.” తొమ్మిది నిమిషాల ఇరవై సెకన్ల దగ్గర శబ్దం తగ్గి తగ్గి పోయింది. సూది లోపలి గాడిలో టక్కు టక్కుమని తిరిగింది. ఎవరూ లేవలేదు.

“ఎవరో ఒకరు లేవండి” అన్నది అత్తయ్య. “నా వైపు చూడకండి.”

యజమాని లేచాడు. ఒకటి తీసి, కవర్లో పెట్టి, రెండోది తీసి, దుమ్ము తుడిచి, సూది వేసి వచ్చి కూర్చున్నాడు. మేనమామ గోడ గడియారం చూసి “నలభై ఒక్క సెకన్లు” అన్నాడు.

రెండో ముక్క అయ్యాక ఆమె తన పళ్లెం పెట్టింది. ప్లేయర్ పళ్లెం ఎత్తి, కింద బెల్టును చిన్న చక్రం మీదికి మార్చాల్సి వచ్చింది. వేగం మార్చాలంటే ఆ ప్లేయర్‌కు అదే దారి.

“చూశారా” అన్నాడు యజమాని. “కొనేవాడు ఈ తంతంతా చేయాలి.”

“చేయాలి” అన్నది ఆమె. “ఒకసారి.”

పంతొమ్మిది నిమిషాల పన్నెండు సెకన్లు ఎవరూ లేవలేదు. ఫోన్ రెండుసార్లు మోగింది. అత్తయ్య తీయలేదు. బ్రష్షులు వచ్చినప్పుడు డ్రమ్మర్ కళ్లు మూసుకోలేదు, చెయ్యి ఆడించలేదు. స్పీకర్ వైపు చూస్తూ కూర్చున్నాడు. కర్ర దెబ్బ పడింది. సాక్సోఫోన్ వచ్చింది. ఆయన “ఆఁ, రా” అన్నాడు, వీధిలో ఎదురైన మనిషిని పిలిచినట్టు.

చివరి నిమిషంలో యజమాని ముందుకు వంగాడు. అయిపోయాక సూది ఎత్తేదాకా ఆగాడు.

“సింబల్స్ కొంచెం మసకబారాయి.”

“బారాయి” అన్నది ఆమె. “చివరి నలభై సెకన్లు. గరగర లేదు, మసక ఉంది. ఇంతకన్నా తేట ముప్పై మూడులో రాదు, నేను కాదు ఎవరు కోసినా రాదు. అది మీ వాళ్లకు చెప్పండి. దాయమని నేను అనను.”

“మరి నేనెందుకు ఒప్పుకోవాలి?”

“మీరు ఒప్పుకోవాలని నేనెప్పుడన్నాను?”

డ్రమ్మర్ చీటీ తీసి బల్ల మీద పరిచాడు. పెన్ను అడిగాడు. అత్తయ్య ఇచ్చింది. యజమాని తెచ్చిన రెండు పళ్లేల వైపు పెన్ను చూపించి, “వాటికైతే ఈ గడి” అని ‘ఒప్పుకోవడం లేదు’ మీద పెన్ను ఆనించాడు. పెట్టలేదు. “దీనికైతే ఈ గడి. నువ్వు చెప్పు, ఎక్కడ గీయను? ప్రకటన నువ్వే వేశావు. నేను వేయమనలేదు.”

“పెద్దాయనా, ఇది బెదిరింపు.”

“అవును” అన్నాడు డ్రమ్మర్. “ఎనభై ఒకటికి వచ్చింది అవకాశం. వదులుకోమంటావా?”

యజమాని కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. బయట వ్యాను ఆగి ఉంది. టేపు తీసుకెళ్లడానికి వచ్చినవాళ్లు పన్నెండింటి కోసం చూస్తున్నారు. ఆయన చేతి గడియారం చూసుకున్నాడు.

“ముప్పై మూడే ఫ్యాక్టరీకి పంపించండి” అన్నాడు. తర్వాత మేనమామ వైపు తిరిగి అన్నాడు, “మిగతా అయిదూ మీకు ఇవ్వను.”

“తెలుసండీ” అన్నాడు మేనమామ.

విన్న పళ్లెం ఫ్యాక్టరీకి పనికిరాదు, సూది తగిలితే గాడి అరుగుతుంది. పది గంటల యాభై నిమిషాలకు ఆమె కొత్త పళ్లెం ఎక్కించింది. పదకొండుంబావు కాకముందే దించింది. లోపలి అంచున తన అక్షరం గీసింది. దాని పక్కన 19:12 అని గీసింది. చిన్న పాటలు నాలుగూ నలభై అయిదులో కోసినవి వారం ముందే పెట్టెలో ఉన్నాయి. పెట్టె మధ్యాహ్నం రెండింటికి ఫ్యాక్టరీకి వెళ్లింది. డ్రమ్మర్ చీటీ మీద టిక్కు పెట్టి, సంతకం చేసి, తేదీ వేసి, టైము కూడా వేశాడు. టైము ఎవరూ అడగలేదు.

ఏడు వారాల తర్వాత వర్క్‌షాపుకు ఇరవై అట్టపెట్టెలు వచ్చాయి. వాటిలో రికార్డుల అట్టలు రెండు వేలు, స్టిక్కర్లు రెండు వేలు, ఒక ఉత్తరం. అట్ట మీద నలభై అయిదు అనీ, పొడుగు పాట రెండు భాగాలనీ అచ్చయి ఉంది. స్టిక్కర్ మీద ఇలా ఉంది: ‘రెండో డిస్కుకు ఒక పక్కే ఉంది. పాట మొత్తం ఆ పక్కనే ఉంది. ముప్పై మూడు చుట్లలో పెట్టుకోండి.’ ఉత్తరంలో రెండు వాక్యాలున్నాయి. మీ వల్ల వచ్చిన పని కాబట్టి మీరే అంటించి పంపండి. స్టిక్కర్ ఎక్కడ పడాలో జతచేసిన నమూనాలో చూడండి.

నమూనా మీద పెన్సిల్‌తో గీసిన గడి అట్ట వెనక, కింది నుంచి మూడో వరుస మీద ఉంది. ఆ వరుసలో ‘కోసినవారు’ అని, పక్కన ఆమె పేరు ఉంది.

“చూశావా వీడి పని” అన్నది అత్తయ్య.

“చూశాను.”

“నువ్వు అంటిస్తావా?”

“అంటిస్తాను. అక్షరం రికార్డు మీద ఉందిగా. అది మూయడానికి స్టిక్కర్ లేదు.”

అంటించడానికి మూడు రోజులు పట్టింది. మేనమామ స్కేలు పెట్టుకుని, నమూనాలో ఉన్నట్టే అంటించాడు. మేనకోడలు కూడా నమూనాలో ఉన్నట్టే అంటించింది. వాళ్లిద్దరూ కలిసి పదకొండు వందల అరవై చేశారు. డ్రమ్మర్ రెండో రోజు బస్సెక్కి వచ్చి, సాయంత్రం దాకా కూర్చుని రెండు వందలు చేశాడు. ఆయనకు స్కేలు ఇచ్చారు. కిటికీ పక్కన మోకాలు చాపుకుని కూర్చుని అత్తయ్య ఆరు వందల నలభై చేసింది. స్కేలు వద్దంది.

నాలుగో రోజు పొద్దున వ్యాను వచ్చింది. పెట్టెలు ఎక్కించే ముందు మేనమామ ఒక పెట్టె తెరిచి చూశాడు.

“ఇవి ఎవరంటించారు?”

“నేనే” అన్నది అత్తయ్య. “ఏమైంది?”

“ఒక వేలెడు కిందికి పడ్డాయి.”

“నాకు చూపు ఆనదు కదండీ. ఎక్కడ అంటించానో ఏమో.”

మేనమామ ఇంకొక పెట్టె తెరిచాడు. మూడోది కూడా తెరిచాడు. తర్వాత మూడూ మూసి, టేపు వేసి, వ్యాను డ్రైవరుకు చెయ్యి ఊపాడు.

రెండు వేల రికార్డులూ ఆ నెల ఇరవై మూడున దుకాణాలకు వెళ్లాయి. వాటిలో పదమూడు వందల అరవై అట్టల మీద ఆమె పేరు స్టిక్కర్ కింద ఉంది. ఆరు వందల నలభై అట్టల మీద కనిపిస్తోంది.